క్లోమం క్యాన్సర్ అన్నారు సరే, అది ఏ రకం?

పాంక్రియాస్‌లో క్యాన్సర్ అనే మాట చెవిన పడగానే ఇంటిల్లిపాదికీ కాళ్లూ చేతులూ ఆడవు. ఆ భయంలో తప్పేం లేదు. ఈ క్యాన్సర్లలో పదింట తొమ్మిది దాకా క్లోమ రసం పారే నాళాల్లో పుట్టే మొండి రకమే, బయటపడేసరికి ఆపరేషన్‌కు వీలుండేది నూటికి 15, 20 మందికే. అయినా సరే, ఎన్నాళ్లు బతుకుతారని అడిగే ముందు బయాప్సీలో ఏ రకం వచ్చిందో అడగండి. ఆ మిగిలిన కొద్ది రకాల్లో లెక్క పూర్తిగా మారిపోతుంది.

1959లో వర్జీనియా ఫ్రాంట్జ్ అనే అమెరికన్ పాథాలజిస్ట్ వర్ణించిన గడ్డనే (సాలిడ్ సూడోపాపిల్లరీ ట్యూమర్) తీసుకోండి. ఎక్కువగా వయసులో ఉన్న ఆడపిల్లలకు వస్తుంది, స్కాన్‌లో చూస్తే గుండె గుభేల్‌మనేంత పెద్దగా కూడా ఉంటుంది, కానీ మొత్తం తీసేస్తే చాలామందికి అక్కడితో నయమైపోతుంది. ఇన్సులినోమా ఇంకో వింత. ఇన్సులిన్‌ను ఎడాపెడా వదిలే ఈ చిన్న గడ్డ వల్ల షుగర్ పడిపోయి, చెమటలు పట్టి, మనిషి అయోమయంగా మాట్లాడుతుంటే ఫిట్స్ అనో మానసిక జబ్బు అనో ఏళ్ల తరబడి మందులు వాడినవాళ్లున్నారు. కెనడాలోని టొరంటోలో సర్జన్ రాస్కో గ్రాహం 1929లోనే ఇలాంటి గడ్డను తీసి మనిషిని నిలబెట్టాడు. ఇవి చాలావరకు 2 సెంటీమీటర్ల లోపే ఉంటాయి, క్యాన్సర్ కానివే ఎక్కువ. సర్జన్ క్లోమాన్ని వేళ్ల మధ్య పట్టుకుని తడిమి, దాని మీదే అల్ట్రాసౌండ్ ఆనించి వెతికి, ప్రధాన నాళానికి దూరంగా ఉంటే గడ్డ ఒక్కదాన్నే ఒలిచి తీస్తాడు.

క్యాన్సర్ తిరగబెట్టినప్పుడు మాత్రం చిక్కే. మొండి రకం ఎక్కువగా లివర్‌లోనో, పాత కోత చుట్టుపక్కలో మళ్లీ మొలుస్తుంది. లివర్‌లో కనిపించినవి కోసేసినా కనిపించనివి ఉండిపోతాయి కాబట్టి అప్పుడు కీమోనే దారి. కానీ మొదటి ఆపరేషన్ అయి కొన్నేళ్లు గడిచాక, మిగిలిన క్లోమం ముక్కలోనో ఊపిరితిత్తిలో ఒకే ఒక్క చోటో వస్తే, కొందరికి మళ్లీ కత్తి పట్టడం గురించి ఆలోచిస్తారు. అదీ వెంటనే కాదు, ముందు కొన్ని నెలలు కీమో ఇచ్చి మళ్లీ స్కాన్ తీస్తారు. ఈలోపు కొత్త గడ్డలు పుట్టుకొస్తే ఆపరేషన్ వల్ల ఒరిగేదేమీ ఉండేది కాదని తేలిపోతుంది. ఆ ఎదురుచూపు ఇంట్లోవాళ్లకు నరకమే, కానీ అది వృథా కాదు.

రెండోసారి పొట్ట తెరిస్తే పేగులు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. రక్తనాళం చుట్టూ గట్టిగా తగిలేది పాత గాయం మచ్చో గడ్డో స్కాన్‌లోనే కాదు, చేతికీ ఓ పట్టాన తెలియదు. మిగిలిన క్లోమం మొత్తం తీసేయాల్సి వస్తే జీవితాంతం ఇన్సులిన్, తిన్న ప్రతిసారీ అది అరగడానికి ఎంజైమ్ క్యాప్సూల్స్ తప్పవు. అంతకంటే ముఖ్యం, షుగర్‌ను పైకి లేపే గ్లూకగాన్ అనే హార్మోన్ కూడా క్లోమంతోపాటే పోతుంది, అందుకే మామూలు షుగర్ పేషెంట్ కంటే వీళ్లకు షుగర్ హఠాత్తుగా పడిపోయే ప్రమాదం ఎక్కువ. అర్ధరాత్రి అలా షుగర్ పడిపోతే గుర్తుపట్టి నోట్లో గ్లూకోజ్ వేసే మనిషి పక్కన ఎవరుంటారో, ఆపరేషన్‌కు సంతకం పెట్టకముందే ఇంట్లో మాట్లాడుకోవాలి.