సంపులో కలిసే నీళ్లు, మీటరు చెప్పని సంగతులు

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల కుళాయిలో వచ్చేది ఒక్క రకం నీరు కాదు. నాగార్జునసాగర్ నుంచి కృష్ణా నీళ్లు, ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో వస్తాయి. అవి చాలకపోతే బోరు, ఎండాకాలంలో ట్యాంకర్. అన్నీ ఒకే సంపులో పడుతుంటే ఇవాళ ఉన్న కఠినత్వం, అంటే నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియంల మోతాదు, రేపు ఉండదు.

నగరం కింద ఉన్నది గ్రానైట్. వాన నీరు మట్టిలోకి ఇంకుతూ, వేళ్లూ సూక్ష్మజీవులూ వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కొద్దిగా ఆమ్లగుణం తెచ్చుకుంటుంది. రాతి పగుళ్లలో చాలాకాలం నిలిచి కాల్షియం, మెగ్నీషియంలను కరిగించుకుంటుంది. అందుకే బోరు నీళ్లకు సబ్బు సరిగా నురగ రాదు, తెట్టు కడుతుంది. గింజ కణాలను అతికించి ఉంచే పెక్టిన్‌ను కాల్షియం బిగబట్టడంతో కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకుగానే ఉంటుంది. నీళ్లు వేడెక్కితే కరిగి ఉన్న బైకార్బనేట్ విడిపోయి, కాల్షియం కార్బనేట్ గీజర్ కాయిల్‌కు పట్టేస్తుంది. కుళాయి మూతి దగ్గరి తెల్లటి గార కూడా ఎక్కువగా ఇదే. దాని మీద నిమ్మరసం పిండి దగ్గరగా చూడండి, సన్నటి బుడగలు లేస్తాయి.

ఇంత చికాకు పెట్టినా, కఠినత్వం మన ఆరోగ్యానికి పెద్ద శత్రువేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికి ఆరోగ్యపరమైన పరిమితి ఏదీ పెట్టలేదు. మన భారతీయ ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదంటుంది, వేరే దారి లేనప్పుడు 600 వరకు ఒప్పుకుంటుంది. భయపడాల్సినవి వేరే ఉన్నాయి. ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లకూ ఎముకలకూ ఏమవుతుందో నల్లగొండ జిల్లా పల్లెలు కళ్లారా చూశాయి. నైట్రేట్ 45 దాటితే పసిపిల్లలకు ప్రమాదం. డ్రైనేజీ కలిసిన నీళ్ల సంగతి సరేసరి.

ఇక్కడే టీడీఎస్ మీటరు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. అది కొలిచేది నీటి విద్యుత్ వాహకత ఒక్కటే. దాన్నిబట్టి కరిగిన లవణాల మొత్తం లెక్కగడుతుంది. అందులో కాల్షియం ఎంత, సోడియం ఎంత అన్నది దానికి తెలియదు. సాఫ్ట్‌నర్ పెడితే కాల్షియం స్థానంలో సోడియం చేరుతుంది, నీరు మృదువవుతుంది, కానీ మీటరులో అంకె పెద్దగా కదలదు. ఇక బాక్టీరియా దానికి అసలే కనబడదు. ప్యూరిఫయర్లు అమ్మడానికి వచ్చినవాళ్లు ఈ మీటరు ముంచి ఇంటిల్లిపాదికీ టెన్షన్ పెడుతుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

సన్నటి పొర గుండా నీటిని వడగట్టే ఆర్ఓ ప్యూరిఫయర్ కఠినత్వాన్నీ ఫ్లోరైడ్‌నూ బాగానే తగ్గిస్తుంది. కాకపోతే మంచినీటి కోసం బోలెడు నీళ్లు కాలువ పాలు చేస్తుంది. టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉన్నచోట ఆర్ఓ వద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే అంది. ఒట్టి నది నీళ్లు వచ్చే ఇంట్లో క్లోరిన్ సరిపడా ఉందా, సంపు శుభ్రంగా ఉందా అన్నవే ముందు చూసుకోవాలి. గార బాధ ఒక్కటే అయితే స్నానాల లైనుకు సాఫ్ట్‌నర్ చాలు.

పరీక్ష చేయిస్తే బోరు నీళ్లు, సంపులోకి వచ్చే మున్సిపల్ నీళ్లు విడివిడిగా పట్టి ఇవ్వండి. మొత్తం కఠినత్వం, ఫ్లోరైడ్, నైట్రేట్, మలం కలిసిందేమో చెప్పే ఈ.కోలి బాక్టీరియా పరీక్షలు అడగండి. మే నెలలో ఒకసారి, వానలు వెలిశాక మరోసారి చేయిస్తే తేడా తెలుస్తుంది. బాక్టీరియా పరీక్షకు మాత్రం ఇంట్లో సీసా వాడకుండా ల్యాబ్ ఇచ్చే స్టెరిలైజ్ చేసిన సీసాలోనే పట్టి, చల్లగా ఉంచి అదే రోజు అందజేయాలి.