కంటిపాప ముడుచుకుంది, చూపు మాత్రం లేదు

నెలలు నిండిన గర్భిణి. రాత్రంతా తలనొప్పి, తెల్లారేసరికి కళ్ల ముందు చీకటి. డాక్టర్ టార్చ్ వేస్తే కంటిపాప చటుక్కున ముడుచుకుంటుంది. అదే చెయ్యి ముఖం మీదికి విసురుగా తెస్తే రెప్ప కూడా వాలదు.

జబ్బు ఎక్కడుందో ఈ తేడానే చెబుతుంది. కంటిపాప ముడుచుకోవడానికి కంటి నరం, మెదడు కాండం పనిచేస్తే చాలు. చూడాలంటే మాత్రం సంకేతం తల వెనక భాగంలోని ఆక్సిపిటల్ లోబ్ దాకా చేరాలి. అక్కడ రెండు వైపులా దెబ్బతింటే, కన్ను ఎంత బాగున్నా చూపు ఉండదు. కొందరికి చూపు పోయిందనే తెలియదు, కనబడుతోందనే వాదిస్తారు! వాళ్లు అబద్ధమాడటం లేదు, మెదడే వాళ్లకు అలా చెబుతోంది.

ఈ గర్భిణి విషయంలో ఆ దెబ్బకు మూలం బీపీ. మామూలుగా బీపీ పెరిగితే మెదడు రక్తనాళాలు బిగుసుకుని రక్తం ఉరవడిని అదుపులో పెడతాయి. ఉన్నట్టుండి మరీ పెరిగితే ఆ పట్టు సడలుతుంది. నాళాల గోడల్లోంచి నీరు ఊరి మెదడు ఉబ్బుతుంది. వెనక భాగపు నాళాలకు, వాటిని బిగించే సింపథెటిక్ నరాల కాపు తక్కువ కాబట్టి ముందు దెబ్బ తినేది అవేనని వైద్యుల వివరణ. 1996లో జూడీ హించీ, సహ వైద్యులు ఇలాంటి 15 మంది రోగుల గురించి రాశాక ఈ జబ్బుకు గుర్తింపు వచ్చింది. ఇప్పుడు దీన్ని ప్రెస్ (పోస్టీరియర్ రివర్సిబుల్ ఎన్సెఫలోపతీ సిండ్రోమ్) అంటున్నారు, అంటే మెదడు వెనక భాగంలో వచ్చి, తగ్గే వీలున్న జబ్బు. గర్భవాతమే (గర్భిణికి బీపీ పెరిగి, ఫిట్స్ దాకా వెళ్లే జబ్బు) కాదు, కిడ్నీ జబ్బులు, అవయవ మార్పిడి తర్వాత వాడే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ మందులు కూడా దీనికి దారితీస్తాయి.

ఎంఆర్ఐలో తల వెనక తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. చూస్తే గుండె జారుతుంది గానీ, చాలావరకు అది ఊరిన నీరే, చచ్చిన కణాలు కావు. బీపీని మెల్లగా, మొదటి గంటల్లో 25 శాతానికి మించకుండా తగ్గిస్తారు. గర్భవాతమైతే ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చి, ప్రసవం చేస్తారు. ఎక్కువ మందికి కొన్ని రోజుల్లో, లేదా కొన్ని వారాల్లో చూపు తిరిగొస్తుంది. ముందు వెలుగు తెలుస్తుంది, ఆపైన కదలికలు, ఆకారాలు.

తిరిగొస్తుందన్న ధీమాతో ఇంట్లో కూర్చోవడమే నన్ను భయపెడుతుంది. ఆలస్యమైతే ఆ వాపులోనే రక్తస్రావం కావచ్చు, కణాలు చచ్చిపోవచ్చు. అప్పుడు పోయిన చూపు రాదు, ప్రాణానికీ ముప్పే. పక్షవాతం వల్ల కూడా ఇలాగే చూపు పోతుంది, ఏది ఏదో ఇంట్లో తేలేది కాదు. కాన్పు అయిపోయింది కదా అనుకోవడానికీ లేదు: ఆ తర్వాత ఆరు వారాల దాకా బాలింతకు తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారితే, బీపీ అప్పటికప్పుడు చూడాల్సిందే.