సీజర్ పోయాక కూడా నాటకం ఎందుకని అడిగిన మనవరాలికి

గుంటూరు

అమ్మలూ,

షేక్‌స్పియర్ 'జూలియస్ సీజర్' నాటకం గురించి నువ్వు రాసిన ఉత్తరం అందింది. "సీజర్‌ని మూడో అంకంలోనే పొడిచేశారు కదా తాతయ్యా, ఇంకా రెండు అంకాలు ఎందుకు? మా టీచర్ క్రిటికల్‌గా రాయండి అంటారు. గైడులో ఉన్నది రాస్తే అది క్రిటికల్ కాదా?" అని అడిగావు. ఈ సందేహం నీ క్లాసులో చాలామందికి వచ్చే ఉంటుంది. కాబట్టి ఈ ఉత్తరం నీ స్నేహితులకి కూడా చదివి వినిపించు.

రెండో ప్రశ్న ముందు తీసుకుంటాను. ఇప్పుడిక్కడ మిర్చి సీజను. యార్డు వైపు నుంచి గాలి వీస్తే చాలు, కళ్లు మండుతున్నాయి. నా చిన్నతనంలో మా మేనమామకి మిర్చి కొట్టు ఉండేది. సెలవుల్లో ఆయన వెంటే తిరిగేవాణ్ణి. తుమ్ములతో ముక్కు ఎర్రబడినా ఇంటికి పొమ్మంటే పోయేవాణ్ణి కాదు, సరుకు చూసేవాళ్ల పనితనం అంత బాగుండేది. వాళ్లు టిక్కీలో, అంటే మిర్చి బస్తాలో, పైన కనిపించే కాయల్ని నమ్మేవాళ్లు కాదు. మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి అడుగు నుంచి గుప్పెడు తీసేవాళ్లు. రంగు చూసి, వాసన చూసి, కాయని చెవి దగ్గర విరిచేవాళ్లు. తేమ కాయ వంగుతుంది గానీ విరగదు. తాలు, అంటే రంగుపోయిన నాసి కాయ, ఎంత కలిసిందో చూసేవాళ్లు. ఎవరైనా "మంచి సరుకు" అంటే మామయ్య ఒకటే అనేవాడు: "కాయ చూపించు."

విమర్శ అంటే అదేనమ్మా. సీజర్‌ని పొడిచినవాళ్లలో ఒకడైన బ్రూటస్ మంచివాడని గైడు అంటుంది. సరే, కాయ చూపించు. ఏ రంగంలో, ఏ మాటలో ఉంది ఆ మంచితనం? ఆ మాట బయటికి తీసి, విరిచి, లోపల గింజ ఎలా ఉందో నీ కాగితం మీద చెప్పు. గైడు రాసినాయన టిక్కీలో చెయ్యి పెట్టాడో లేదో మనకి తెలీదు. కోల్డ్ స్టోరేజీలో దాచిన కాయ రంగు నిలుపుకుంటుంది, నిజమే. ఈ నాటకం 1599 నాటిది, అచ్చయింది షేక్‌స్పియర్ పోయిన ఏడేళ్లకి, 1623లో. ఇన్నాళ్లు నిలవ ఉంది కదా అని మర్యాదకి కొనకు. టిక్కీ విప్పి చూడు.

మూడో అంకం రెండో రంగం విప్పు. ముందు బ్రూటస్ మాట్లాడతాడు, అదీ వచనంలో. ఎందుకు చంపామో కారణాలు చెబుతాడు. రాజులు వద్దనే కదా సీజర్‌ని చంపాడు? ఆ మాటలు విన్న గుంపులో ఒకడు, ఇతన్నే సీజర్‌ని చేద్దాం అంటాడు! బ్రూటస్ చెప్పింది వాళ్లకి ఏమాత్రం ఎక్కిందో ఆ ఒక్క కేక చెబుతుంది. తరవాత సీజర్ స్నేహితుడు ఆంటోనీ వస్తాడు. అతనిది పద్యం. బ్రూటస్‌ని పదే పదే గౌరవనీయుడనే అంటాడు. అలా అంటూనే సీజర్ చేసిన మేళ్లు చెబుతాడు, వీలునామా చూపిస్తాడు, కత్తిపోట్లు పడ్డ వస్త్రం చూపిస్తాడు. చివరికి గుంపు ఇళ్లు తగలబెట్టడానికి పరిగెడుతుంది.

ఆ వెంటనే ఉన్న చిన్న రంగం చాలామంది గబగబా దాటేస్తారు. నువ్వు దాటకు. దారిలో సిన్నా అనే కవి ఎదురవుతాడు. హంతకుల్లోనూ ఒక సిన్నా ఉన్నాడు. నేను ఆ సిన్నాని కాదు, కవిని అని ఇతను మొత్తుకుంటాడు. అయితే చెత్త పద్యాలు రాసినందుకు చీల్చండి అంటుంది గుంపు. వాళ్లలో అతని పద్యం ఒక్కటైనా చదివినవాళ్లు ఉన్నారని ఆ రంగంలో ఎక్కడా లేదు. చదవకుండా తీర్పు చెప్పడం ఎంత దూరం పోతుందో చూశావా? అది తలుచుకుంటే ఈ వయసులోనూ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

పెద్దవాళ్ల మాటకి ఎదురు రాస్తే మార్కులు పోతాయని టెన్షన్ పడకు. 1765లో షేక్‌స్పియర్ నాటకాలన్నీ పరిష్కరించి అచ్చువేసిన శామ్యూల్ జాన్సన్, ఈ నాటకం తనను పెద్దగా కదిలించలేదని రాశాడు. షేక్‌స్పియర్ అసలు చరిత్రకి, రోమన్ల పద్ధతులకి కట్టుబడిపోయాడని కారణం కూడా చెప్పాడు. మనవాళ్లూ ఇలా ధైర్యంగా రాసినవాళ్లే. 1926లో మీ బెజవాడలోనే మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. ఆయన పింగళి సూరన రాసిన కళాపూర్ణోదయ కావ్యాన్ని తలకెత్తుకున్నారు, చాలామంది ప్రబంధ కవుల్ని గట్టిగా తప్పుపట్టారు. ఒప్పుకోని పండితులు ఎదురు రాశారు. ఇటూ అటూ అందరూ పద్యాలు ముందు పెట్టుకునే వాదించుకున్నారు.

ఇక నీ మొదటి ప్రశ్న. సీజర్ పోయాక నాటకం ఎందుకు? నాలుగో అంకంలో రాత్రిపూట బ్రూటస్ డేరాలోకి ఎవరు వస్తారో చూడు. ఐదో అంకంలో బ్రూటస్ ఆఖరి మాట ఎవరితో అంటాడో చూడు. జవాబు నేను చెప్పను.

ఆదివారం సాయంత్రం స్నేహితుల్ని మేడ మీదకి పిలు. ఒకరు బ్రూటస్, ఒకరు ఆంటోనీ, మిగతావాళ్లు గుంపు. గైడు కిందే వదిలేసి రెండు ప్రసంగాలూ గట్టిగా చదవండి. మీ మనసు ఏ వాక్యం దగ్గర మారిందో దాని పక్కన ఎవరికి వాళ్లు పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. గీతలు వేరువేరు చోట్ల పడితే చెరపకండి. ఎందుకు అక్కడే పెట్టారో ఒకరినొకరు అడిగి, ఆ సంగతులన్నీ నాకు రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య