సైకిల్ చైనులో దొంగ లింకు

చిన్నూ, బుజ్జీ,

మొన్న ఫోన్లో చిన్నూ అడిగింది: "తాతయ్యా, నీకు వచ్చింది కరోనా కదా, మరి ఎబోలా మందు ఎందుకెక్కించారు?" ఎబోలా అంటే ఆఫ్రికాలో వచ్చిన ఓ ప్రాణాంతక వైరస్ జబ్బు, నాకెక్కించిన ఆ మందు పేరు రెమ్డెసివిర్. నవ్వేసి మాట మార్చాను. నిజం చెప్పాలంటే నాకూ తెలీదు. రెండు రోజులు మీ పిన్నిని సతాయించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా నాన్నది సైకిల్ షాపు. అద్దె గంటకి పావలా. షాపులో ఒక డాల్డా డబ్బా ఉండేది, దాని నిండా పాత చైన్ల ముక్కలు, నట్లు, బాల్సులు. ఎవరి సైకిల్ చెడినా నాన్న ముందు ఆ డబ్బాలోనే చెయ్యి పెట్టేవాడు. కొత్త సామాను పట్నం నుంచి రావాలంటే వారం, డబ్బాలో దొరికితే అరగంట.

ఒకసారి నాన్న భోజనానికి వెళ్ళినప్పుడు నేనే పెద్ద మిస్త్రీనై, తెగిన చైనుకి డబ్బాలోంచి ఒక లింకు బిగించాను. చూడ్డానికి అచ్చం అలాంటిదే. ఆ లింకు పళ్ళచక్రం మీదికి హాయిగా ఎక్కింది. మరో మూడు పళ్ళు తిరిగింది, టక్కున పట్టేసింది. సైకిల్ ఆయన తిట్లు మీకు రాయను.

కరోనా వైరస్ ఒంట్లో చేరాక చేసే పని చైన్లు అల్లడమే. వైరస్‌ని తయారుచేసే సూచనలుండే పొడవాటి చైను పేరు ఆర్‌ఎన్‌ఏ, దానికే నకళ్ళు తీసుకుంటూ పోతుంది. నాకెక్కించిన రెమ్డెసివిర్ నేను బిగించినలాంటి దొంగ లింకు. వైరస్ యంత్రం అసలు లింకే అనుకుని తగిలించుకుంటుంది, ఇంకో మూడు లింకులు కలుపుతుంది, ఆగిపోతుంది. అవును, అక్కడా మూడే! పిన్ని చెప్పగానే నాకు ఒళ్ళు జలదరించింది. కరోనా దగ్గర తప్పు లింకుల్ని ఊడదీసే మేస్త్రీ కూడా ఉన్నాడట. దొంగ లింకు మూడు లింకుల వెనక నక్కి ఉండబట్టే అతగాడి కంట పడదని అనుకుంటున్నారు.

ఎబోలాదీ ఆర్‌ఎన్‌ఏ చైనే. అందుకే ఈ మందుని కాంగోలో ఎబోలా రోగుల మీద పరీక్షించారు. 2019 ఆగస్టులో వేరే రెండు మందులు ఇంతకన్నా బాగా పనిచేశాయని తేలి, దీన్ని పక్కన పెట్టారు. డబ్బాలోకి వెళ్ళిందన్నమాట. కానీ ఇది కరోనా జాతి వైరస్‌ల మీద పనిచేస్తుందని 2017లోనే ఎలుకల్లో చూసి ఉంచినవాళ్ళున్నారు. 2020లో అందరూ డబ్బాలో చెయ్యి పెడితే ముందుగా తగిలినవాటిలో ఇదొకటి. ఆ జూన్‌కల్లా మన హైదరాబాద్‌లోనే తయారైంది.

డబ్బాలో ఉన్నదల్లా సరిపోదర్రా. హెచ్‌ఐవీ మందు లోపినావిర్‌ని కూడా తీసి చూశారు. అది చైను జోలికి పోదు, వైరస్ తన ప్రోటీన్లని ముక్కలుగా కోసుకునే కత్తెరని పట్టేస్తుంది. హెచ్‌ఐవీ కత్తెర వేరు, దీని కత్తెర వేరు. బ్రిటన్‌లో పెద్ద పరీక్ష పెడితే రోగులకి ఉపయోగం కనబడలేదు. బిగించి, తొక్కి చూస్తే గానీ తెలీదు మరి.

నా మందు కూడా సంజీవని కాదు. అమెరికా వాళ్ళు పలు దేశాల్లో కలిపి 1,062 మంది మీద చూస్తే, ఇది లేనివాళ్ళు 15 రోజుల్లో కోలుకుంటే ఉన్నవాళ్ళు 10 రోజుల్లో కోలుకున్నారు. అంతే. చైన్లు అల్లడం మొదట్లోనే ఆపాలి, ఊపిరితిత్తులు బాగా చెడ్డాక ఎక్కిస్తే లాభం తక్కువ. 2021లో జనం నగలు తాకట్టు పెట్టి మరీ దీని కోసం పరిగెత్తారు. భయంలో ఉన్నవాళ్ళ జేబు కొట్టేవాళ్ళని ఆ ఏడాది చాలామందిని చూశాను. మీరు మాత్రం అలా తయారవకండి.

ఇక మీకో పని. ఆదివారం మీ నాన్న సైకిల్ని తలకిందులుగా నిలబెట్టి, ఒక లింకు మీద సుద్దముక్కతో గీత పెట్టి, పెడల్ మెల్లగా తిప్పుతూ లెక్కపెట్టండి. వేళ్ళు జాగ్రత్త. వందా చిల్లర వస్తాయి. కరోనా చైనులో దాదాపు 30,000. మీ లెక్క ఎంతొచ్చిందో నాకు రాయండి.

మీ
తాతయ్య