చెల్లోలో తిరిగే ఘనం

"లెక్కలు వేసి సంగీతం కట్టొచ్చా?" అని ఒక పాఠకుడు అడిగారు. కట్టారు కూడా. యానిస్ జెనాకిస్ గ్రీకు సంగీతకర్త, ఇంజనీరు కూడా. 1958 బ్రసెల్స్ ప్రపంచ ప్రదర్శనలో ఫిలిప్స్ కంపెనీ మంటపానికి (ఫిలిప్స్ పెవిలియన్) రూపమిచ్చినవాడు. ఒక్క చెల్లో (వయొలిన్ జాతి పెద్ద తీగవాద్యం, విల్లుతో వాయిస్తారు) కోసమే ఆయన రాసిన ‘నోమోస్ ఆల్ఫా’ను 1966లో జర్మనీలోని బ్రెమెన్‌లో చెల్లో వాద్యకారుడు జీగ్‌ఫ్రీడ్ పామ్ మొదటిసారి వాయించాడు. చెల్లో సంగతి తర్వాత. ముందు ఘనం.

లూడో పాచిక తీసుకోండి. ఆరు ముఖాల్లో ఏదైనా పైకి రావచ్చు. పైముఖం మారకుండా నాలుగు రకాలుగా తిప్పి పెట్టొచ్చు. మొత్తం 24 భ్రమణాలు, అసలు తిప్పకపోవడంతో కలిపి. వరసగా రెండు తిప్పితే ఫలితం మళ్లీ ఈ 24లోనే పడుతుంది. ఇలాంటి కూటమినే గణితంలో సమూహం (గ్రూప్) అంటారు. డిగ్రీలో సమూహం అంటే సంవృత ధర్మం, సాహచర్య ధర్మం అని బోర్డు నింపేస్తారు గానీ, చేతికి ఒక పాచిక ఇచ్చే మేస్టారు ఎంతమంది?

జెనాకిస్ ఘనం ఎనిమిది మూలలకు ఎనిమిది రకాల ధ్వనులు కేటాయించాడు: మీటిన తీగ, విల్లు కర్రతో కొట్టిన దెబ్బ, జారే స్వరం వగైరా. ఘనం తిరిగితే ధ్వనుల వరస మారుతుంది.

మరి ఏ భ్రమణం తర్వాత ఏది? ఫిబొనాచీ అంకెల (1, 1, 2, 3, 5, 8...) పద్ధతి: ముందటి రెండూ కలిస్తే వచ్చేదే తర్వాతిది. భ్రమణాల్లో కలపడమంటే ఒకదాని తర్వాత ఒకటి తిప్పడం. స్వర్ణ నిష్పత్తి, పొద్దుతిరుగుడు పువ్వు అని వెంటనే మొదలుపెట్టకండి. ఇక్కడ పెరిగే అంకెలే లేవు. ఉన్నవి 24 భ్రమణాలు, అంటే 576 జతలు. కాబట్టి ఏదో ఒక జత మళ్లీ వచ్చి తీరాలి. ప్రతి భ్రమణానికీ విలోమం, అంటే దాన్ని రద్దుచేసే ఎదురు భ్రమణం, ఉంది గనక వెనక్కీ నడవొచ్చు. అందుకే ఆ వరస మధ్యలో ఎక్కడో ఇరుక్కోదు, మొదలుపెట్టిన జతకే తిరిగొస్తుంది. ఏ వరసలోనైనా ఎన్నిసార్లైనా కలుపుకుంటూ పోతే మొత్తం 24నీ పుట్టించగల జతతో మొదలుపెడితే సరిగ్గా 18 అడుగుల్లో! అందులో కనిపించే భ్రమణాలు 13 మాత్రమే, ఐదు రెండేసిసార్లు వస్తాయి. 90 డిగ్రీలవీ, ఎదురెదురు అంచుల మధ్యబిందువుల గుండా పోయే అక్షం చుట్టూ 180 డిగ్రీలవీ బేసి అందాం, మిగతావి సరి. బేసి, బేసి కలిస్తే సరి, బేసి, సరి కలిస్తే బేసి, కాబట్టి ప్రతి మూడింటిలో ఒకటి సరి. ఆ ఆరూ మూల నుంచి ఎదుటి మూలకు పోయే అక్షం చుట్టూ 120 డిగ్రీల భ్రమణాలే. "తిప్పకపోవడం" ఒక్కసారీ రాదు.

కృతిలో 24 ఖండాలు. ప్రతి నాలుగోదీ ఈ ఘనం లెక్కకు బయట. మిగిలేవి 18. భారత పర్వాలూ పద్దెనిమిదే కదా అని ఎవరైనా అంటే, ఆ పోలిక ఘనానికి అక్కర్లేదు.

ఘనం చెవికి వినిపిస్తుందా? నాకు వినిపించదు. జారుళ్లు, గీకుళ్లు, హఠాత్తు మౌనాలు వినిపిస్తాయి. అవీ బాగుంటాయి. వాయించేవాళ్లకు మాత్రం నరకం: కొన్నిచోట్ల అడుగు తీగను ఒక స్థాయి కిందికి, 65 హెర్ట్జ్ నుంచి 33కి దించాలి. పౌనఃపున్యం తన్యతకు (తీగ బిగింపుకు) వర్గమూలంగా మారుతుంది గనక, స్వరం సగమైతే బిగింపు నాలుగో వంతుకు పడిపోతుంది. అంత వదులు తీగ మీద విల్లు నిలపాలి.