ఆయిల్ తాగే పాత స్పోర్ట్స్ కారు: అపోహలు - వాస్తవాలు

పోర్షె బాక్స్‌టర్ మొదటి తరం, అంటే 1996 నుంచి 2004 వరకు తయారైన 986 మోడల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నవారు నా దగ్గరకు తెచ్చే ఫిర్యాదు తరచుగా ఒకటే: "ఇంజన్ ఆయిల్ తాగుతోంది సార్." అప్పటికే ఎవరో ఒకరు ఇంజన్ దించాలని చెప్పి భయపెట్టి ఉంటారు. ఆయిల్ ఎంత పోతోంది, ఏ దారిన పోతోంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరక్కముందే స్పానర్ పట్టుకోవడం తప్పు.

అపోహ: మంచి ఇంజన్ చుక్క ఆయిల్ కూడా తాగదు.

వాస్తవం: సిలిండర్ గోడకు పలుచటి ఆయిల్ పొర అంటుకుని ఉంటేనే పిస్టన్ రింగులు అరిగిపోకుండా ఉంటాయి, ఆ పొరలో కొంత ప్రతి విస్ఫోటంలోనూ కాలిపోతుంది. ఎక్కువ ఆర్‌పీఎమ్‌లో నడిచే ఇంజన్‌లో అది ఇంకొంచెం ఎక్కువ. ఉదాహరణకు కొన్ని ఫోక్స్‌వాగన్ కార్ల మాన్యువల్స్‌లో 1000 కిలోమీటర్లకు అర లీటరు వరకు వాడకాన్ని సాధారణంగానే లెక్కిస్తారు. కాబట్టి మొదట కొలవాలి. రాత్రంతా నిలిచిన బండిని ప్రతిసారీ అదే సమతలమైన చోట ఉంచి, ఉదయం చల్లగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్ చూసి, కొలత జాడీతో పోసిన ప్రతి మిల్లీలీటరునూ కిలోమీటర్ రీడింగ్ పక్కన రాసుకోవాలి. గరిష్ఠ గీత దాటించి పోస్తే ఆ ఎక్కువైనది గాలి గొట్టాల్లోకి చేరి కాలిపోతుంది, లెక్క మొదటి రోజే తప్పుతుంది.

ఇక్కడ చాలామంది మోసపోయే విషయం ఒకటుంది. నగరంలో నాలుగైదు కిలోమీటర్ల ప్రయాణాలే చేసే బండిలో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు గనుక, కాలని పెట్రోలూ, ఆవిరి చల్లబడి మారిన నీరూ ఆయిల్‌లో కలుస్తూ ఉంటాయి. నిజమైన ఆయిల్ తగ్గుతున్నా డిప్‌స్టిక్ మీద మట్టం కదలదు. అదే బండిని హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా ఒకే ఊపున నడిపితే ఆ పెట్రోలూ నీరూ ఆవిరైపోయి, మట్టం ఒక్కసారిగా పడిపోయినట్టు కనిపిస్తుంది. ఆ ఆయిలంతా ఆ ఒక్క ప్రయాణంలో పోయింది కాదు. అందుకే కొలిచే 1000 కిలోమీటర్లలో హైవే ప్రయాణం ఉండి తీరాలి.

అపోహ: స్టార్ట్ చేయగానే నీలి పొగ కొడితే రింగులు పోయినట్టే.

వాస్తవం: ఈ ఇంజన్‌లో ఆరు సిలిండర్లూ అడ్డంగా పడుకుని ఉంటాయి. బండి ఆపినప్పుడు సిలిండర్ అడుగువైపు కొంత ఆయిల్ నిలుస్తుంది, వాలుగా ఉన్న చోట ఆపితే ఇంకా ఎక్కువ. మరునాడు అది ఒక్క గుప్పెడు పొగగా పోతే ఆందోళన అక్కర్లేదు. పొగ ఎప్పుడు వస్తోందన్నదే ముఖ్యం. యాక్సిలరేటర్ వదిలి వాలు దిగి, మళ్లీ తొక్కగానే వస్తే వాల్వ్ సీల్స్‌నూ, బరువు మీద లాగుతున్నంతసేపూ వస్తే రింగులనూ అనుమానించాలి.

అపోహ: ఆయిల్ ఎక్కువగా తాగితే ఇంజన్ దించాల్సిందే.

వాస్తవం: క్రాంక్‌కేస్‌లో, అంటే సిలిండర్ల వెనక క్రాంక్ తిరిగే గదిలో, చేరే వాయువుల నుంచి ఆయిల్‌ను వేరుచేసి వెనక్కి పంపే సెపరేటర్ ఒకటి ఇంజన్ పైన ఉంటుంది. దానిలోని రబ్బరు పొర వయసు మీద చిరుగుతుంది. అప్పుడు సిలిండర్లకు గాలిని పంచే ఇంటేక్ మానిఫోల్డ్ చూషణ శక్తి అంతా నేరుగా క్రాంక్‌కేస్ మీద పడి, ఆయిల్‌ను గొట్టాల గుండా సిలిండర్లలోకి లాగేస్తుంది. వెనక దోమల మందు కొట్టినట్టు పొగ కమ్ముకుంటుంది.

ఇంజన్ పని చేయాలంటూ వేరే చోట పెద్ద అంచనా రాయించుకుని వచ్చిన ఒక బాక్స్‌టర్‌ను ఐడిల్‌లో ఉంచి ఆయిల్ మూత తీయబోతే, లోపలి నుంచి ఎవరో పట్టుకుని లాగుతున్నట్టు అది రానే లేదు. కష్టపడి తీసేసరికి ఇంజన్ తడబడి ఆగిపోయింది. చేతి అంచనాతో సరిపెట్టుకోకుండా ఒక పాత మూతకు రంధ్రం చేసి, నిపిల్ బిగించి, దాన్నుంచి సన్నని పారదర్శక గొట్టాన్ని మధ్యలో ఒక ఖాళీ సీసా గుండా తెచ్చి, చెక్క మీద యు ఆకారంలో వంచి రంగు నీళ్లు పోసి చూశాను. సెపరేటర్ బాగున్నప్పుడు రెండు వైపుల నీటి మట్టాల మధ్య తేడా సుమారు 12, 13 సెంటీమీటర్లు ఉంటుంది. ఆ రోజు నీళ్లన్నీ క్షణంలో మధ్యనున్న సీసాలోకి పోయాయి. ఆ ఖాళీ సీసాను మధ్యలో పెట్టడం మరిస్తే నీళ్లు ఇంజన్‌లోకే పోతాయి, దయచేసి మరవకండి. సెపరేటర్ మార్చి, ఇంటేక్ గొట్టాల్లో నిలిచిన ఆయిల్ తుడిచాక ఆ బండికి ఇంజన్ విప్పే అవసరమే రాలేదు.

అపోహ: కంప్రెషన్ బాగుంటే లోపల అంతా బాగున్నట్టే.

వాస్తవం: కంప్రెషన్‌ను, అంటే సిలిండర్‌లో నొక్కిన గాలి ఒత్తిడిని, ప్రధానంగా పట్టి ఉంచేది పై రెండు రింగులు. ఆయిల్‌ను గీకి కిందికి దించేది మూడో రింగు. అది మసి పట్టి గాడిలో ఇరుక్కుంటే గేజ్ మీద అంకెలన్నీ చక్కగా ఉంటాయి, ఆయిల్ మాత్రం పోతూనే ఉంటుంది. గోడ గీతలు పడిన సిలిండర్ కూడా ఆ గీతల్లో నిండిన ఆయిల్ వల్లే పరీక్షలో నెగ్గేయగలదు. ఆరు ప్లగ్గులూ విప్పి వరసగా పేర్చి చూడండి. ఒక్కదాని మీదే తడిసిన నల్లటి పొర ఉంటే ఏ సిలిండర్‌నో అదే చెబుతుంది. ప్లగ్ రంధ్రం గుండా కెమెరా దించేటప్పుడు పిస్టన్‌ను పూర్తిగా అడుగుకు తిప్పి, కొన వంగే కెమెరాతో గోడ కింది భాగం చూడాలి, అనుమానం తీరకపోతే ఇంజన్ అడుగునున్న ఆయిల్ తొట్టి (సంపు) విప్పి అటునుంచి చూడాలి. ఈ ఇంజన్‌కు ఇనుప లైనర్ లేదు. అల్యూమినియంలో పొదిగిన సిలికాన్ రేణువులే అరుగుదలను తట్టుకుంటాయి. మామూలు హోనింగ్, అంటే గోడను రాళ్లతో రుద్దడం, చేస్తే ఆ ఉపరితలమే పాడవుతుంది, కనుక "బోర్ పని చేసేస్తాం" అని తేలిగ్గా అనేవారికి ఈ ఇంజన్ అప్పగించవద్దు.

అపోహ: పొగ లేకపోతే ఆయిల్ కాలడం లేదు.

వాస్తవం: కొద్దికొద్దిగా పోయే ఆయిల్‌ను పొగ గొట్టంలో వాయువులను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వేడెక్కాక కంటికి కనబడనివ్వదు. కాలిన ఆయిల్‌లోని ఫాస్ఫరస్ మాత్రం కన్వర్టర్‌లో పేరుకుని దాన్ని చంపుతుంది. మరోవైపు, క్రాంక్ వెనక సీలు దగ్గరో, ప్లగ్ గొట్టాల దగ్గరో కారుతున్న ఆయిల్ కాలే లెక్కలోకే రాదు. బండిని పైకెత్తి, అడుగు కడిగి, మళ్లీ చూడాలి.

అపోహ: చిక్కటి ఆయిల్ పోస్తే సరిపోతుంది.

వాస్తవం: 0డబ్ల్యూ-40 పోయాల్సిన చోట 20డబ్ల్యూ-50 పోస్తే వాడకం కొంత తగ్గినట్టు కనిపించవచ్చు. కానీ వాల్వ్‌లను నొక్కే హైడ్రాలిక్ లిఫ్టర్లు, వాల్వ్ టైమింగ్ మార్చే వేరియోక్యామ్ ఆయిల్ ఒత్తిడి మీదే పనిచేస్తాయి. చల్లని ఇంజన్‌లో చిక్కటి ఆయిల్ వాటికి ఆలస్యంగా చేరుతుంది. బండి కొనేముందు అందులో ఏ గ్రేడ్ ఉందో, చివరిసారి ఎప్పుడు మార్చారో బిల్లుతో సహా అడగండి. అమ్మకానికి వారం ముందే చిక్కటి ఆయిల్ మార్చి ఉంటే, సరైన గ్రేడ్ పోయించి 1000 కిలోమీటర్లు కొలిచే దాకా బేరం ఖాయం చేసుకోవద్దు.