ఆరు నెలల గడువు: అమెరికాలో తల్లిదండ్రుల విజిటర్ వీసా ఇబ్బందుల వెనుక చరిత్ర

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళే తెలుగు తల్లిదండ్రుల్లో అత్యధికులు బి-2 అనే విజిటర్ వీసా మీదే వెళ్తారు. పాస్‌పోర్టులో ఆ వీసా పదేళ్ళకు ఉంటుంది. అయితే అక్కడ ఎన్నాళ్ళు ఉండవచ్చో నిర్ణయించేది వీసా మీది తేదీ కాదు, విమానం దిగినచోట ఇమిగ్రేషన్ అధికారి ఐ-94 రికార్డులో నమోదు చేసే తేదీ. అది సాధారణంగా ఆరు నెలలకు పడుతుంది. కూతురికి సిజేరియన్ అయి కోలుకోవడం ఆలస్యమైనా, తండ్రికి గుండె ఆపరేషన్ జరిగి ప్రయాణం వద్దని డాక్టరు చెప్పినా, ఆ తేదీ దాటకముందే ఐ-539 దరఖాస్తు పెట్టి గడువు పెంచమని అడగాలి. మనవాళ్ళు వీసా ఎక్స్‌టెన్షన్ అని పిలుచుకునే ఈ ప్రక్రియ గడిచిన పాతికేళ్ళలో ఖరీదైనదిగా, అనిశ్చితమైనదిగా మారుతూ వచ్చింది. అధికారుల కాఠిన్యమే ఇందుకు కారణమని చాలామంది అనుకుంటారు. చట్టాల చరిత్రను వరసగా చూస్తే అంతకంటే లోతైన కారణం కనబడుతుంది. తాత్కాలిక ఉద్యోగిగా వచ్చి దశాబ్దాల తరబడి అక్కడే ఉండిపోయే మనుషులు ఉంటారనీ, వారికి వృద్ధులైన తల్లిదండ్రులు ఉంటారనీ అమెరికా చట్టం ఏనాడూ లెక్కలోకి తీసుకోలేదు. ఆ లోటు బరువంతా విహారయాత్రికుల కోసం పుట్టిన ఒక వీసా మీద పడింది.

వ్యాపారానికో విహారానికో తాత్కాలికంగా వచ్చేవారిని వలసదారుల నుంచి వేరుచేసి చూడటం 1924 నాటి వలస చట్టంలోనే ఉంది. నేటికీ పునాదిగా నిలిచిన 1952 చట్టం దానికి ఒక షరతు పెట్టింది: సందర్శకుడికి స్వదేశంలో నివాసం ఉండాలి, దాన్ని వదులుకునే ఉద్దేశం ఉండకూడదు. అదే చట్టంలోని 214(బి) సెక్షన్ ప్రకారం, విజిటర్ వీసా అడిగే ప్రతి మనిషినీ, తాను అలాంటివాడిని కాదని నిరూపించుకునేంతవరకూ, స్థిరపడటానికి వస్తున్నవాడిగానే అధికారి భావించాలి. ఇంటర్వ్యూలో తిరస్కరణకు గురైన మన పెద్దల చేతికి వచ్చే కాగితం మీద కనబడేది ఈ సెక్షనే. విహారం అన్నమాట కింద పర్యటన, విశ్రాంతి, వైద్యంతో పాటు బంధుమిత్రులను చూడటాన్ని కూడా నిబంధనలు చేర్చాయి కాబట్టి, కొడుకును చూడటానికి వచ్చే తల్లి కూడా అందులో ఇమిడిపోయింది. బి-2 సందర్శకుడికి మామూలుగా కనీసం ఆరు నెలలు ఇవ్వాలనీ, మొదటిసారి ఇచ్చే గడువు ఏడాదికి మించకూడదనీ, ఆపైన ఒక్కో విడతలో ఆరు నెలల దాకా పొడిగించవచ్చనీ ఆ నిబంధనలే చెబుతాయి. సెలవుల్లో చుట్టపుచూపుగా వచ్చి వెళ్ళేవారికి ఇది ఉదారమైన ఏర్పాటే.

చిక్కు మొదలైంది మరో వైపు నుంచి. జాతుల వారీ కోటాలను రద్దు చేసిన 1965 చట్టం, 21 ఏళ్ళు నిండిన అమెరికా పౌరులు తమ తల్లిదండ్రులను సంఖ్యా పరిమితి లేకుండా శాశ్వత నివాసులుగా తెచ్చుకునే వీలు కల్పించింది. ఆ తరంలో వెళ్ళిన డాక్టర్లు, ఇంజనీర్లు కొన్నేళ్ళకే గ్రీన్ కార్డు, ఆ తర్వాత పౌరసత్వం పొంది అమ్మానాన్నలను పిలిపించుకోగలిగారు. 1990 చట్టంతో హెచ్-1బి వచ్చింది, అది నిపుణులైన విదేశీ ఉద్యోగులకు గరిష్ఠంగా ఆరేళ్ళకు ఇచ్చే తాత్కాలిక వీసా. ఆ దశాబ్దం చివర హైదరాబాద్ నుంచి, కోస్తా జిల్లాల ఇంజనీరింగ్ కాలేజీల నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్ళినవారు ఆ దారిలోనే వెళ్ళారు. హెచ్-1బి ఉద్యోగితో పాటు హెచ్-4 మీద వెళ్ళగలిగేది జీవిత భాగస్వామి, 21 ఏళ్ళలోపు పిల్లలు మాత్రమే. తల్లిదండ్రులకు అందులో చోటు లేదు. ఆరేళ్ళకు తిరిగి వెళ్ళిపోయే ఉద్యోగికి తల్లిదండ్రులను వెంట తెచ్చుకోవలసిన అవసరం ఏముంటుందన్నది ఆ ఏర్పాటు వెనుక ఉన్న ఆలోచన అనుకోవాలి.

అయితే ఆరేళ్ళకు చాలామంది తిరిగి వెళ్ళలేదు, వెళ్ళాల్సిన అవసరమూ రాలేదు. ఉద్యోగం ఆధారంగా ఏటా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ 7 శాతానికి మించి దక్కకూడదన్న పరిమితి వల్ల భారతీయుల వరస ఏళ్ళ తరబడి సాగింది. దానికి విరుగుడుగా 2000 అక్టోబరులో వచ్చిన చట్టం, గ్రీన్ కార్డు కోసం వేచి ఉన్న హెచ్-1బి ఉద్యోగి ఆరేళ్ళ తర్వాత కూడా విడతకు మూడేళ్ళ దాకా కొనసాగే వెసులుబాటు ఇచ్చింది. నా దృష్టిలో ఈ కథలో అసలైన మలుపు ఇదే. ఉద్యోగి మూడేసి ఏళ్ళ చొప్పున ఎన్నాళ్ళయినా ఉండవచ్చు, అతని తల్లి మాత్రం ఆరు నెలలకు లేచిపోవాలి. గ్రీన్ కార్డు వచ్చినా సమస్య తీరదు, ఎందుకంటే గ్రీన్ కార్డు ఉన్నవారికి తల్లిదండ్రులను స్పాన్సర్ చేసే హక్కు లేదు. ఆ తర్వాత సాధారణంగా ఐదేళ్ళు ఆగి పౌరసత్వం తీసుకుంటే తప్ప ఆ తలుపు తెరుచుకోదు. పాతికేళ్ళ వయసులో వెళ్ళిన కొడుకు ఆ హక్కు సంపాదించేసరికి ఊళ్ళో ఉన్న తల్లిదండ్రులు డెబ్బై దాటి ఉంటారు.

ఆరు నెలలు ఎందుకు చాలడం లేదన్న ప్రశ్నకు జవాబు మన ఇళ్ళలోనే ఉంది. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆనవాయితీ. కూతురు పుట్టింటికి రాలేని చోట పుట్టిల్లే ఆమె దగ్గరికి వెళ్తుంది. అమెరికాలో 1993 నాటి కుటుంబ, వైద్య సెలవు చట్టం ఇచ్చేది 12 వారాలు, అదీ జీతం లేకుండా, 50 మందికి తగ్గని సంస్థల్లో. నెలల పసికందును డేకేర్‌లో వదలడానికి మనసొప్పక, ఆ ఖర్చూ భరించలేక, ముందు అమ్మాయి తల్లిదండ్రులు, వారు తిరిగొచ్చాక అబ్బాయి తల్లిదండ్రులు ఆరేసి నెలలు ఉండేలా వియ్యంకులు వంతులు వేసుకుంటారు. ఒక వంతు వారికి వీసా రాకపోయినా, ఆరోగ్యం సహకరించకపోయినా మొదట వెళ్ళినవారు అక్కడే ఉండవలసి వస్తుంది. పొడిగింపు దరఖాస్తుల్లో పెద్ద భాగం ఇక్కడే పుడుతుంది. ఇంత సహజమైన అవసరాన్ని దరఖాస్తులో రాసేటప్పుడు భయం వేస్తుంది. మనవడిని చూసుకోవడానికి ఉంటున్నామంటే అది పనికి వచ్చినట్లు కనిపిస్తుందేమోనన్న శంక ఒకటి, స్వదేశంలో ఇల్లు వదిలేశారేమోనన్న అనుమానం అధికారికి కలుగుతుందన్న బెంగ మరొకటి.

ఆ భయానికి చట్టబద్ధమైన పదును 1996లో వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 30న సంతకమైన చట్టం, ఐ-94 తేదీ దాటి ఉండిపోయినవారి వీసా దానంతటదే చెల్లకుండా పోయేలా చేసింది. 1997 ఏప్రిల్ నుంచి లెక్కించిన అక్రమ నివాసం 180 రోజులు దాటితే మూడేళ్ళు, ఏడాది లేదా అంతకు మించితే పదేళ్ళు దేశంలోకి రాకుండా నిషేధం పెట్టింది. గడువులోగా సక్రమంగా పొడిగింపు కోరినవారికి, దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నంతకాలం ఆ నిషేధపు లెక్క మొదలు కాదు. అంటే, రశీదు చేతిలో ఉంటే ప్రస్తుతానికి గండం లేదు. తిరస్కరణ వచ్చిన క్షణం నుంచి మాత్రం పరిస్థితి తలకిందులవుతుంది, పదేళ్ళ వీసా పోయే ప్రమాదం కూడా ఎదురవుతుంది.

తర్వాతి దెబ్బకు మన తల్లిదండ్రులతో ఏ సంబంధమూ లేదు. 2001 సెప్టెంబరు 11 దాడుల్లో పాల్గొన్న మొహమ్మద్ అట్టా సందర్శకుడిగా దేశంలోకి వచ్చి, విమానం నడపడం నేర్చుకోవడానికి విద్యార్థి హోదా కోరాడు. అతనికీ, సహచరుడు మార్వాన్ అల్ షెహీకీ సంబంధించిన ఆమోద పత్రాలు దాడులు జరిగిన సరిగ్గా ఆరు నెలలకు, 2002 మార్చిలో, ఫ్లోరిడాలోని శిక్షణ సంస్థకు చేరాయి. నాటి వలస విభాగం పరువు పోయింది. మరుసటి నెలలోనే ఆ విభాగం ఒక ప్రతిపాదన తెచ్చింది: కనీసం ఆరు నెలలు ఇవ్వాలన్న నిబంధనను తీసేయాలి, ప్రయాణ ఉద్దేశానికి ఎంత సమయం సహేతుకమో అంతే ఇవ్వాలి, అది స్పష్టంగా తేలకపోతే 30 రోజులు ఇవ్వాలి, పొడిగింపులను బాగా కుదించాలి. ముప్ఫై రోజులంటే పురుటి స్నానం నాటికి తిరుగు ప్రయాణం కట్టాలి. ఆ ప్రతిపాదన తుది నిబంధనగా మారలేదు. ఆరు నెలల పద్ధతి బతికింది. కానీ పొడిగింపు కోరే సందర్శకుడిని అనుమానంతో చూడటం మాత్రం అప్పటి నుంచే స్థిరపడిందని నా అభిప్రాయం. 2003 మార్చిలో పాత విభాగం రద్దై ఆ పనులు హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖకు వెళ్ళాయి. సరిహద్దులో తేదీ వేసేవారు ఒక సంస్థ, పొడిగింపు ఇచ్చేవారు అదే శాఖలో మరో సంస్థ, వీసా ఇచ్చేవారు విదేశాంగ శాఖ. ఒకే ప్రయాణం మీద మూడు చోట్ల నిర్ణయాలు జరుగుతాయి, ఒకరి అంచనాకు మరొకరు కట్టుబడనక్కర్లేదు.

మన వైపు ఈలోగా ఒక సౌకర్యం పెరిగింది. 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ రాకముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రజలు వీసాకు చెన్నై వెళ్ళేవారు. 2023 మార్చిలో కాన్సులేట్ నానక్‌రామ్‌గూడలోని సొంత భవనంలోకి మారింది. వీసా దగ్గరైంది, వెళ్ళేవారు పెరిగారు, పొడిగింపు అవసరమూ దానితో పాటే పెరిగింది.

2019 మార్చి 11న ఐ-539 కొత్త రూపంతో వచ్చింది. దరఖాస్తులో ఉన్న ప్రతి ఒక్కరూ, వయసుతో నిమిత్తం లేకుండా, కేంద్రానికి వెళ్ళి వేలిముద్రలు ఇవ్వాలి. మనిషికి 85 డాలర్లు అదనం. 370 డాలర్ల రుసుముతో కలిపి దంపతులకు 540 డాలర్లు అయ్యేది. వీసాకు, ప్రవేశానికి అప్పటికే వేలిముద్రలు ఇచ్చిన పెద్దలను మళ్ళీ పిలవడం భద్రతకు ఏం తోడ్పడిందో తెలియదు గానీ, ఒక్కో దరఖాస్తుకు నెలలు జోడించిందని మాత్రం చెప్పవచ్చు. ఏడాది తిరిగేసరికి కోవిడ్ వచ్చి, 2020 మార్చి మధ్యలో ఆ కేంద్రాలే మూతపడ్డాయి. అదే నెలలో భారత్ అంతర్జాతీయ విమానాలను ఆపేసింది. మే నెలలో వందే భారత్ విమానాలు మొదలయ్యేదాకా తిరిగి రావాలనుకున్నవారికి కూడా దారి లేదు. ఆరు నెలలకు సరిపడా తెచ్చుకున్న బీపీ, షుగర్ మాత్రలు అయిపోయాయి, సందర్శకుల బీమా పాత జబ్బులకు సరిగా వర్తించదు. అలాంటి రోజుల్లో వేలాది కుటుంబాలకు ఐ-539 ఒక్కటే ఆధారమైంది.

అప్పుడు బయటపడిన చిక్కును వివరంగా చెప్పుకోవాలి. ఆరు నెలల పొడిగింపు అడిగితే, దాని మీద నిర్ణయం రాకముందే ఆ ఆరు నెలలూ గడిచిపోయే పరిస్థితి ఏర్పడింది. ఇంకా ఉండక తప్పనివారు రెండో దరఖాస్తు పెట్టాలి. మొదటిది మంజూరైతేనే రెండోది నిలుస్తుంది. మొదటిది తిరస్కరిస్తే రెండోది కూడా దానితో కూలిపోతుంది, ఈలోగా ఉన్న కాలమంతా ప్రశ్నార్థకమవుతుంది. మరికొందరు పెద్దలు అనుమతి రాకముందే ఇంటికి తిరిగొచ్చేశారు. వచ్చేసినా, సకాలంలో దరఖాస్తు పెట్టామని చూపే రశీదును, బయలుదేరిన తేదీకి రుజువుగా బోర్డింగ్ పాస్‌ను ఏళ్ళ తరబడి దాచుకోక తప్పదు, మరుసటి ప్రయాణంలో అధికారి అడిగితే చూపాలి కాబట్టి. హెచ్-4 వారు, కంపెనీ బదిలీపై వచ్చిన ఉద్యోగుల కుటుంబాలకు ఇచ్చే ఎల్-2 వీసా వారు కోర్టుకెక్కాక 2021 మేలో వారికి వేలిముద్రల షరతును నిలిపివేశారు. 2023 అక్టోబరు 1 నుంచి 85 డాలర్ల వేలిముద్రల రుసుమును ఐ-539 దరఖాస్తుదారులందరికీ ఎత్తేశారు. 2024 ఏప్రిల్ నుంచి దరఖాస్తు రుసుము కాగితం మీద 470 డాలర్లు, ఆన్‌లైన్‌లో 420 డాలర్లు అయింది.

ఇదే అవసరాన్ని మరో రెండు దేశాలు వేరే విధంగా చూశాయి. కెనడా 2011 డిసెంబరులో, తల్లిదండ్రుల శాశ్వత వలస దరఖాస్తులను తాత్కాలికంగా ఆపిన వెంటనే, సూపర్ వీసా తెచ్చింది. ఒక్కో రాకకు రెండేళ్ళు ఉండనిచ్చిన ఆ వీసా 2022 జులై నుంచి ఐదేళ్ళు ఉండనిస్తోంది. పిల్లల ఆదాయానికి ఒక కనీస స్థాయి, లక్ష కెనడా డాలర్లకు తగ్గని ఆరోగ్య బీమా అందుకు షరతులు. ఆస్ట్రేలియా 2019లో మూడేళ్ళకు, ఐదేళ్ళకు తల్లిదండ్రుల తాత్కాలిక వీసా పెట్టింది. ఖర్చు ఎక్కువే, ఉద్యోగం చేయకూడదు, కానీ గడువు ముందే తెలుస్తుంది. అమెరికాలో ఇలాంటి ఆలోచన కనిపించింది ఒక విచిత్రమైన చోట: వలసలను సగానికి తగ్గించాలని 2017లో సెనేట్ ముందుకు వచ్చిన రెయిజ్ బిల్లులో. తల్లిదండ్రుల గ్రీన్ కార్డును రద్దు చేసి, బదులుగా ఐదేళ్ళ చొప్పున పునరుద్ధరించుకోగల తాత్కాలిక వీసా ఇస్తామంది. అది కూడా పౌరుల తల్లిదండ్రులకే. బిల్లు ముందుకు సాగలేదు, గ్రీన్ కార్డు వరసలో ఉన్నవారి తల్లిదండ్రులకు ఆ చర్చలోనూ స్థానం దక్కలేదు.

ఇటీవలి మార్పులు వీసా పునరుద్ధరణ వైపు నుంచి వచ్చాయి. కోవిడ్ తర్వాత మొదటిసారి విజిటర్ వీసా కోరేవారికి మన దేశంలో ఇంటర్వ్యూ స్లాటు కోసం ఏడాదికి పైగా ఆగవలసి వచ్చినప్పుడు, పాత వీసా గడువు ముగిసి నాలుగేళ్ళు దాటనివారికి ఇంటర్వ్యూ లేకుండా డ్రాప్‌బాక్స్‌లో పత్రాలు ఇచ్చే వెసులుబాటు పెద్ద ఊరటనిచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఆ నాలుగేళ్ళను ఏడాదికి కుదించారు. 2025 సెప్టెంబరు 2 నుంచి 79 ఏళ్ళు పైబడినవారికి ఉన్న ప్రత్యేక మినహాయింపును కూడా తీసేశారు. ఆ నెలలోనే, దరఖాస్తుదారులు తాము పౌరులైన దేశంలోనో నివసించే దేశంలోనో ఇంటర్వ్యూకు వెళ్ళాలన్న ఆదేశమూ వచ్చింది కాబట్టి, స్లాటు తొందరగా దొరికే మరో దేశానికి వెళ్ళి వీసా తెచ్చుకునే దారి కూడా మూసుకుపోయింది. అదే ఏడాది జులై 4న సంతకమైన చట్టం ప్రతి తాత్కాలిక వీసా మీద 250 డాలర్ల అదనపు రుసుమును నిర్దేశించింది. షరతులు పాటించి సకాలంలో వెనుదిరిగినవారికి తిరిగి చెల్లించే వీలు అందులో ఉంది.

2014, 2015లలో పదేళ్ళ వీసా తీసుకుని పిల్లల దగ్గరికి రాకపోకలు సాగించిన తరం వీసాలు సరిగ్గా ఈ మార్పుల సమయంలోనే, 2024, 2025లలో ముగిశాయి. అప్పట్లో అరవై దాటినవారికి ఇప్పుడు డెబ్బై, డెబ్బై అయిదు. గడువు ముగిసిన ఏడాదిలోపు పునరుద్ధరణకు వెళ్ళలేనివారు ఇకమీద నానక్‌రామ్‌గూడకో చెన్నైకో ఇంటర్వ్యూకు రావాలి. వెనకటి ప్రయాణాల్లో ఎన్నాళ్ళు ఉన్నారు, పొడిగింపు ఎందుకు కోరారు, అది మంజూరైందా లేదా అన్న ప్రశ్నలకు ఆ వయసులో, కాగితాలతో సహా, కిటికీ దగ్గర నిలబడి జవాబు చెప్పుకోవాలి.